చాట్‌లో నేను పెట్టిన రంగులు

మా గేమ్ సర్వర్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒక్కటే. మిగతా సర్వర్లలో పేరుకో రంగు, మాటకో రంగు ఉంటాయి కదా, మీ చాట్ అంతా ఇలా తెల్లగా ఎందుకుంది అని. రంగులు పెడితే సర్వర్ మీద భారం పడుతుందని చెబుతాను. పచ్చి అబద్ధం. రంగుల వల్ల పడే భారం చీమ తలకాయంత కూడా ఉండదు. పెట్టిందీ నేనే, తీసేసిందీ నేనే. ఆ మధ్య రెండు నెలల్లో నా స్నేహితుడు గజానన్‌కు నేను చేసింది ఒక వాక్యంలో చెప్పేది కాదు కాబట్టి, అడిగిన ప్రతివాడికీ ఈ అబద్ధమే చెబుతాను.

నా పేరు ఆకాశ్. నాందేడ్ వజీరాబాద్‌లో మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. గల్లా మీద నాన్న కూర్చుంటారు, గిరాకీ సంగతి నేను చూస్తాను. ఇంట్లో తెలుగు, గిరాకీతో మరాఠీ, హమాలీలతో హిందీ. సర్వర్ చాట్‌లోనూ ఇదే కిచిడీ, కాకపోతే అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో. గేమ్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. అందులో లోకమంతా దిమ్మెలే. దిమ్మె మీద దిమ్మె పేర్చి ఇల్లు కట్టొచ్చు, కోట కట్టొచ్చు, బుద్ధి పుడితే పొరుగువాడి కోట కూల్చొచ్చు. ముంబయిలో అద్దెకు తీసుకున్న ఒక కంప్యూటర్ మీద మా లోకం నడుస్తుంది. కుండల్‌వాడి, బిలోలి, ముద్ఖేడ్, ఇటు నిజామాబాద్ దాకా అరవై మంది దాకా వచ్చి ఆడతారు.

ఎనిమిదేళ్ల కిందట జూనియర్ కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్న నేనూ గజానన్ కలిసి ఈ సర్వర్ మొదలుపెట్టాం. వాడిది కుండల్‌వాడి. తండ్రి శంకర్రావుది వ్యవసాయం. వాడికి గేమ్ కంటే పరుగు ముఖ్యం. కేంద్ర బలగాల భర్తీలో జవానుగా చేరాలని మూడేళ్లుగా నాందేడ్‌లో గది తీసుకుని, పొద్దున స్టేడియంలో పరుగెత్తి, మధ్యాహ్నం విత్తనాల దుకాణంలో పని చేసేవాడు. ముద్ఖేడ్‌లో బలగాల శిక్షణ కేంద్రం ఉంది. మేము ఆ దారిన పోయినప్పుడల్లా దాని గేటు ముందు నా చేత బండి ఆపించేవాడు. లోపలికి పోనివ్వరు, చూడ్డానికి ఏమీ ఉండదు, అయినా రెండు నిమిషాలు నిలబడి వచ్చేవాడు. ఈసారి రాత పరీక్ష పాసయ్యాడు. పరుగు కూడా గడువు కంటే ముందే ముగించాడు. ఇక మిగిలింది మెడికల్ ఒక్కటే. వయసు లెక్కలో వాడికిదే ఆఖరి భర్తీ. ఇది తప్పితే కుండల్‌వాడి వెళ్లి నాగలి పట్టాల్సిందే, అదీ తండ్రి చేత రోజూ మాటలు పడుతూ.

సర్వర్‌లో గజానన్ కాపలాదారు. పిల్లలు కొట్లాడుకుంటే విడదీసేవాడు, తిట్టుకుంటే ఆపేవాడు. అందరూ వాణ్ని కెప్టెన్ అనేవాళ్లు. సర్వర్ కట్టింది నేను, దాన్ని నడిపింది వాడు. ఈ మాట అప్పట్లో ఒప్పుకునేవాణ్ని కాదు.

రంగుల పిచ్చి నాకు జనవరిలో పట్టింది. అరవై మంది ఒకేసారి మాట్లాడితే చాట్ నిండా తెల్ల అక్షరాలే. నేను పెట్టిన ప్రకటన ఎవడో తిన్నావా అంటూ పంపిన ‘జేవలాస్ కా’ కింద కొట్టుకుపోయేది. నా ప్రకటన ఎవరూ చదవకపోవడం నాకు భరించరానిది. రెండు ఆదివారాలు కూర్చుని సర్వర్‌కు రంగులు వేసే కోడ్ ముక్క ఒకటి జోడించాను. ఒక గుర్తు, దాని పక్కన ఒక అక్షరం, ఆ తర్వాత మాట. అక్షరాన్ని బట్టి మాట రంగు మారుతుంది. మొదటి ఆదివారం రంగును ముగించే అక్షరం పెట్టడం మరిచిపోయాను. దాంతో నేను ఎర్రగా రాసిన ఒక్క మాట తర్వాత నా పంక్తులన్నీ ఎర్రగా వచ్చాయి, అందరూ నాకు కోపం వచ్చిందనుకున్నారు. రెండో ఆదివారానికి అంతా కుదిరింది. ఎరుపంటే ప్రమాదం, ఆకుపచ్చ అంటే క్షేమం, పసుపు బంగారు రంగు నా ఒక్కడి ప్రకటనకు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నా పని. రోజుకు పది ప్రకటనలు చేశాను.

ఎవరి పేరుకు ఏ రంగు కావాలో అడిగి రాసుకున్నాను. అందరూ ఎగబడ్డారు. గజానన్ మాత్రం, “నాది తెల్లగనే ఉండనియ్యిరా,” అన్నాడు.

“గిన్ని రంగులు పెట్టిన, ఒక్కటి తీస్కోరాదు?”

“నాకు రంగులు సూటవుతయా? ఉండనియ్యి.”

వాడి బట్టలు కూడా ఎప్పుడూ తెల్లవీ నల్లవీ ఉండేవి. ఊరివాడు, సాదాసీదా మనిషి అనుకున్నాను. ఫోన్ వెనక అట్టలో ఒక చీటీ పెట్టుకుని, ఏ అక్షరానికి ఏ రంగో అందులో చూసి రాసేవాడు. చీటీ చూసి రాసినంతకాలం తప్పు జరగలేదు. ఇతరులు రాసింది చూసి పని చేయాల్సి వచ్చినప్పుడే తడబడేవాడు. “ఎర్రగ ఎవ్వడు రాసిండు?” అని వాడడిగితే, కళ్ల ముందు ఉన్నది కనిపించడం లేదా అని నేను కసురుకునేవాణ్ని. కాపలా మీద మనసు లేదు, మనసంతా భర్తీ మీదే ఉందనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం కోట ముట్టడి పెట్టాను. రెండు జట్లు. ఒక జట్టుకు గజానన్ కెప్టెన్. దారి పొడుగునా చాట్‌లో నా సూచనలు వస్తాయి. నా తెలివికి నేనే మురిసిపోయిన ఏర్పాటు ఏమిటంటే, సూచనలన్నీ ఒకేలా ఉంటాయి: ‘తలుపు తెరిచే ఉంది’. ఆకుపచ్చగా వస్తే నిజం, ఎర్రగా వస్తే ఉచ్చు. మూడో తలుపు దగ్గర ఎర్రగా వచ్చింది. జట్టులో పిల్లలు ఆగారు. గజానన్ “పదండ్రి” అని ముందుకు దూకాడు. కెప్టెన్ దూకితే పిల్లలు ఆగుతారా? పన్నెండు మందీ అగ్నిగుండంలో పడ్డారు. నెల రోజులు కష్టపడి పోగేసుకున్న సామాను బూడిదైంది.

చాట్ నిండా గోల. నేను బంగారు రంగులో రాశాను: “కెప్టెన్‌కు కండ్లు కనవడ్తలేవు. వారం దినాలు కాపలా బంద్.”

వాడు తెల్లగా రాశాడు: “రెండు ఒక్కతీరుగనే ఉన్నయి గదరా.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తప్పు చేసినవాడు చెప్పే సాకు అనుకున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర నవ్వుతూ ఇదే చెప్పాను. మా చెల్లెలు సాయలి డాక్టరు సీటు కోసం కోచింగ్ తీసుకుంటోంది. మా ఊళ్లో సగం మంది పిల్లలు దాని కోసమే పుట్టారు. సాయలి నవ్వలేదు.

“ఎరుపు, పచ్చ ఒక్కతీరుగ ఉన్నయన్నడా? గట్లనే అన్నడా?”

“గట్లనే.”

“అన్నా, అది బహానా కాదు. మా బయాలజీల ఉన్నది. కొంతమంది మగపిల్లలకు ఆ రెండు రంగులు వేరువేరుగ కనవడవు. తల్లి దగ్గర దాగి ఉంటది, ఆమెకు ఏం కాదు, కొడుక్కు అచ్చినంక బయటవడ్తది.” చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసింది. “గజానన్ అన్న భర్తీకి పోతుండు గద. మెడికల్‌ల అది చూస్తరు. ఉంటే తీస్కోరు.”

పేరుకు రంగు వద్దన్నది, చీటీ పెట్టుకున్నది, తెలుపు నలుపు బట్టలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఎనిమిదేళ్ల స్నేహంలో నాకు కనిపించనిది, పుస్తకం చదివిన పిల్లకు ఒక్క మాటతో కనిపించింది. నేను వాణ్ని అరవై మంది ముందు గుడ్డివాణ్ని చేశాను.

చెప్పాలనే బయలుదేరాను. అది మాత్రం నిజం. మర్నాడు పొద్దున్నే స్కూటర్ వేసుకుని స్టేడియానికి పోయాను. గజానన్ ఆఖరి చుట్టు ముగించి, నడుం మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకుంటున్నాడు. నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు. ముందు రోజు సంగతి మనసులో పెట్టుకోలేదు.

“ఇరవై రెండు నిముషాలల్ల అయిదు కిలోమీటర్లు కొట్టినరా. నువ్వైతే అంబులెన్సుల అస్తువు.”

“మెడికల్ ఎప్పుడు?”

“కాగితం అచ్చింది. మార్చి పదో తారీకు.” జేబులోంచి తడిసిన కాగితం తీసి చూపించాడు. ఏమేం పరీక్షిస్తారో వరుసగా ఉంది: ఎత్తు, బరువు, పళ్లు, చెవులు, కళ్లు, మోకాళ్లు, అరికాళ్లు. కళ్ల దగ్గర రంగుల చూపు అని కూడా ఉంది. నేను ఆ పంక్తి మీదే కళ్లు నిలిపాను. వాడు కాగితం మడిచి, “నా అరికాళ్లు జర సపాట్‌గ ఉన్నయిరా, వంపు లేదు, గదొక్కటే భయం,” అన్నాడు.

ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఎవరో పొడుస్తున్నారు. వాడు జేబులోంచి ఉడికించిన పల్లీలు తీసి సగం నా చేతిలో పోశాడు. ఆ పల్లీలు తింటూ, నీకు ఉద్యోగం రాదురా అని ఎలా అనాలి? మూడేళ్లు పరుగెత్తినవాడికి ఆ మాట నా నోట్లోంచి రావాలా? చెబితే ఏడుస్తాడేమో, నన్నే తిడతాడేమో. మింగలేక కక్కలేక, “అరికాళ్లకేం గాదులే,” అని చెప్పి దుకాణానికి వచ్చేశాను.

పిరికివాడు ఊరికే ఉంటే పోయేది. పిరికితనానికి నాలాంటివాడి తెలివి తోడైతేనే ముప్పు. నేను చెప్పకుండా వాడికే తెలిసేలా చేయాలనుకున్నాను. గేమ్ చెప్పినట్టు ఉంటుంది, నా నోటికి పాపం అంటదు. కళ్ల డాక్టర్ల దగ్గర చుక్కల్లో అంకె దాచిన పుస్తకం ఉంటుంది కదా. అలాంటిదే చాట్‌లో తయారుచేశాను. తొమ్మిది వరుసల చిన్న చతురస్రాలు. ముదురు ఆకుపచ్చ చతురస్రాల మధ్య ముదురు ఎర్ర చతురస్రాలతో ఏడు అంకె. దీనికి మూడు రోజులు పట్టింది. అంత శ్రద్ధగా చేశాను. ఆ మూడు రోజుల్లో వాడి గదికి పోయి పది నిమిషాలు మాట్లాడి ఉంటే సరిపోయేది. వాడి గది మా దుకాణానికి రెండు సందుల అవతలే.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం మధ్యాహ్నం, నలభై మంది ఉన్న సమయం చూసి, పోటీ అని ప్రకటించాను. ‘ఏ అంకె కనిపిస్తే అది రాయండి. మొదట రాసిన పది మందికి పది వజ్రాలు.’ తొమ్మిది వరుసలు వదిలాను. ఏడు, ఏడు, ఏడు, ఏడు. చాట్ ఏడులతో నిండిపోయింది. వాడికొక్కడికే కనిపించదు, గమ్మున ఉంటాడు, తనలో తాను అర్థం చేసుకుంటాడు. నా లెక్క అది.

గజానన్ గమ్మున ఉండలేదు. కెప్టెన్ కదా, పోటీలో అన్యాయం జరిగిందనుకున్నాడు. “అంకె యాడున్నదిరా? ఉత్త డబ్బాలున్నయి. అందరు ఒకన్ని చూసి ఒకడు రాస్తుండ్రు, ఈ పోటీ చెల్లది,” అని రాశాడు.

తర్వాత వాడి చిన్నాన్న కొడుకు సూర్యకాంత్ రాశాడు. వాడు కుండల్‌వాడిలో గజానన్ వాళ్ల ఇంటి పక్కనే ఉంటాడు, బిలోలిలో డిగ్రీ చదువుతాడు. “అన్నా, నీకు నిజంగ కనవడ్తలేదా? ఎర్రగ ఏడు సాఫ్ కనవడ్తుంది గద.”

ఆపైన ఒకడు కెప్టెన్ కళ్లద్దాలు అన్నాడు. ఇంకొకడు అందుకే మమ్మల్ని అగ్నిగుండంలో పడేశాడన్నాడు. ఇంకొకడు, ఎందుకలా అవుతుంది, జబ్బా అని అడిగాడు.

అక్కడైనా నేను ఆపి ఉండొచ్చు. చాట్ మొత్తం తుడిచేయడానికి నాకు ఒక్క మీట చాలు. కానీ జబ్బా అని అడిగారు, నాకు జవాబు తెలుసు. అడిగినప్పుడు తెలిసి ఊరుకోవడం నా జన్మలో లేదు. సాయలి చెప్పింది చెప్పినట్టు, బంగారు రంగులో, పెద్ద ప్రకటనగా పెట్టాను: “జబ్బు గాదు. పుట్టుకతోని అస్తది. తల్లి నుంచి కొడుక్కు అస్తది. తల్లికి ఏం కాదు, కొడుక్కు బయటవడ్తది.” ప్రకటన కాబట్టి అది చాట్ పైభాగాన అలాగే నిలబడి ఉంది. సూర్యకాంత్ కిందనే రాశాడు: “అయితే భర్తీల తీస్కోరు గద?”

గజానన్ పేరు జాబితాలోంచి మాయమైంది.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. గదికి పోతే తాళం. పక్కగది వాళ్లు, సాయంత్రం బస్సుకే ఊరికి పోయాడని చెప్పారు. పదో తారీకు వస్తుంది కదా, మెడికల్‌కు ఎలాగూ నాందేడ్ రావాలి, అప్పుడు కాళ్లు పట్టుకుంటాననుకున్నాను. పదో తారీకు పొద్దున మెడికల్ జరిగే చోట గేటు ముందు నిలబడ్డాను. వందల మంది పిల్లలు ఫైళ్లు చంకలో పెట్టుకుని లోపలికి పోయారు. తొమ్మిది దాటింది, పది దాటింది. గేటు మూసేశారు. గజానన్ రాలేదు.

ఆ రోజే ఇంటికి వచ్చి సర్వర్‌లోంచి రంగులు తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, తెలుసు. అయినా ఆ బంగారు రంగును నేను చూడలేకపోయాను.

మరో నాలుగు రోజులు ధైర్యం కూడగట్టుకుని కుండల్‌వాడి వెళ్లాను. బిలోలి దాకా బస్సు, అక్కణ్నుంచి జీపు. కాలేజీ రోజుల్లో ఆ ఇంటికి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. గజానన్ తల్లి సుమిత్రాబాయి జొన్నరొట్టె మీద వెన్న వేసి పెడితే ఆరు తినేవాణ్ని. ఇంటి ముందు మంచం మీద వాడి నాయనమ్మ శివవ్వ కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది.

“గీ పిలగాడే గద రాసింది,” అంది లోపలికి వినబడేలా. “మంచిగ చేసినవ్ బిడ్డా, ఇప్పుడన్న తెలిసింది. మా ఇంట్ల ఏడు తరాలల్ల ఎవ్వలకు గిట్ల లేదు. ఏడికెల్లి అచ్చిందో ఇప్పుడు తెలిసింది.”

సుమిత్రాబాయి లోపలి నుంచి వచ్చి, మంచినీళ్ల చెంబు ఇచ్చి, వంటింట్లోకి రమ్మని తల ఊపింది. పొయ్యి ముందు పీట వేసింది. చాయ్ పెట్టింది. నేను ఎన్నో మాటలు అనుకుని వచ్చాను. ఆమె నాకంటే ముందే మొదలుపెట్టింది.

“గజు చేనుకు పోయిండు, అస్తడు,” అంది. “మెడికల్‌కు వాళ్ల నాయిన పోనియ్యలె. ఊరంత తెలిసినంక ఇంకెందుకు, పోయి ఇజ్జత్ తీస్కునుడే గద అన్నడు. సూర్య గాడు ఫోన్ల నువ్వు రాసింది వాళ్ల ఇంట్ల చూపెట్టిండు. ఆడికెల్లి మా అత్తకు. అత్తకెల్లి ఆయనకు. ఆయన నాతోని మాట్లాడక పదిహేను దినాలైంది. పెండ్లికి ముందుగాలనే చెప్పాలె గద, దాచిపెట్టి ఇచ్చిండ్రు అంటుండు.”

“పెద్దమ్మా...” అన్నాను.

“ఉండు, నన్ను చెప్పనియ్యి. మా నాయినకు గిట్లనే ఉండె. మిరపకాయలు ఏరవోతె పండియి పచ్చియి ఒక్కటే గంపల ఏసెటోడు. మా అవ్వ ఏమనకపోవు, ఎనుకకెల్లి మల్ల ఏరుతుండె. వీనికి నాలుగేండ్లప్పుడే నాకు సమజైంది. ఏ పండు మాగిందో ఒత్తి చూడుమని నేర్పిన. తెల్లయి నల్లయి బట్టలే కొనిచ్చిన. ఇరవై ఏండ్లు వాని రంగులు నేనే చూసిన బిడ్డా. ఆయన పక్కలనే ఉండి గూడ తెల్వలె.”

చాయ్ గ్లాసు నా ముందు పెట్టి, పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“ఒక్క మాట అడుగుత. నువ్వు సదువుకున్నోనివి, నిజం చెప్పు. నువ్వు రాసింది నిజమేనా? నా తోటే అచ్చిందా?”

కాదని చెప్పొచ్చు. రెండు నెలలుగా తెలిసీ తెలియక ఎన్నో అన్నాను, ఒక్క అబద్ధం ఆడితే ఆ తల్లి ఆ రాత్రి నిద్రపోయేది. కానీ ఆమె కళ్లలోకి చూస్తూ ఆడలేకపోయాను.

“పుస్తకంల అట్లనే ఉన్నది పెద్దమ్మా. కానీ అది తప్పు గాదు. ఎవ్వల చేతుల లేదు.”

“గట్లనా,” అంది. పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. “అబద్ధమైతే నిన్ను తిడుదుమనుకున్న.”

చాయ్ మీద మీగడ కట్టింది. నేను తాగలేదు.

గజానన్ వచ్చాడు. చిక్కిపోలేదు, గడ్డం పెరగలేదు, మామూలుగానే ఉన్నాడు. “ఎప్పుడచ్చిండ్రు?” అని అడిగాడు. అక్కడ ఎక్కువసేపు ఉంటే శివవ్వ మళ్లీ మొదలుపెడుతుందని కాబోలు, జీపుల దగ్గరికి పోదాం పదండని బయటికి తీసుకొచ్చాడు. దారిలో నేను ఏడ్చినంత పని చేశాను. స్టేడియంలో చెప్పాలనే వచ్చానని, నోరు రాలేదని, పోటీ పెట్టింది మంచికేనని, కాదు, నా పిరికితనం వల్లేనని, అన్నీ కలిపి చెప్పేశాను. వాడు అడ్డుపడకుండా విన్నాడు.

“నాకు ముందుగాలనే ఎర్క,” అన్నాడు తీరిగ్గా. “చిన్నప్పటి సంది ఎర్క. మెడికల్‌ల పోతదని గూడ ఎర్క.”

నేను నడక ఆపేశాను. “మరి ఎందుకు ఉరికినవ్? మూడేండ్లు?”

“ఒక్కొక్క దగ్గర ఒక్కొక్క డాక్టరుంటడు. అచ్చేది అస్తది అనుకున్న. రాకపోతె, అరికాళ్లు సపాట్‌గ ఉన్నయన్నరని ఇంట్ల చెప్పుకుంటుంటి. అందుకే అందరికి అరికాళ్లు అరికాళ్లు అని చెప్పుకుంట తిరిగిన. పరుగుల పాసైండు, రాతల పాసైండు, గింతల తప్పిపోయిండు అనెటోళ్లు. నాయిన గూడ అనేటోడు. ఊళ్లె ఇజ్జత్‌తోనే దున్నుకుంటుంటి.” నన్ను నడవమని చెయ్యూపాడు. “నాదేం లేదు. నన్ను కన్న అవ్వ పేరు రాకపోతే మంచిగుండు.”

అప్పుడు అర్థమైంది నాకు, నేను తీసుకున్నది ఉద్యోగం కాదని. ఉద్యోగం వాడికి ఎలాగూ వచ్చేది కాదు. తన ఓటమిని తనకు నచ్చినట్టు చెప్పుకునే హక్కు వాడికి మిగిలి ఉండేది, దాంతో తల్లిని కాపాడుకునేవాడు. అది తీసుకున్నాను. వాడు ఎవరికీ చెప్పకుండా చిన్నప్పట్నుంచీ మోసినదాన్ని నేను పది వజ్రాల పోటీకి పెట్టాను.

క్షమించరా అన్నాను. “ఉండనియ్యి,” అన్నాడు. పేరుకు రంగు వద్దన్న రోజు కూడా ఇదే మాట అన్నాడు, కానీ అప్పుడు చివర ‘రా’ ఉంది.

జీపులో అప్పటికే తొమ్మిది మంది ఉన్నారు. వెనక బియ్యం బస్తాలు, ఇద్దరు ఆడవాళ్లు, ఒక మేకపిల్ల. నేను వెనక్కి ఎక్కబోయాను. గజానన్ నా భుజం పట్టుకుని ఆపి, డ్రైవర్ వైపు వంగాడు. దుకాణదారు ఎవరైనా తమ ఊరికి వస్తే వీళ్లు మాట్లాడే తీరులోనే మాట్లాడాడు.

“సేఠ్‌ను ముందట కూసోవెట్టుకో. నాందేడ్ పోవాలె, బట్టలు కరాబైతయి.”

ఎనిమిదేళ్లలో వాడు నన్ను సేఠ్ అనడం అదే మొదటిసారి. డ్రైవర్ పక్కన కూర్చున్న ముసలాయన లేచి వెనక్కి పోయాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను.